హామ్ రేడియో వల్ల పక్కింటి టీవీ ఆగిపోతుంటే: ఏ తీగ మోసుకొస్తోందో ముందు పట్టుకోండి

తమ్ముడూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ హామ్ రేడియోకి, అంటే అభిరుచితో లైసెన్సు తీసుకుని నడిపే సొంత రేడియో స్టేషన్‌కి, తిరుపతి ఎం.ఆర్.పల్లెలో మూడంతస్తుల మిద్దె మీద 7 మెగాహెర్ట్జ్‌కి ఇన్వర్టెడ్ వీ, అంటే తిరగేసిన V ఆకారం యాంటెన్నా, కట్టారు. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు, 50 వాట్లు, మాటని పంపే ఎస్‌ఎస్‌బీ పద్ధతి. సాయంత్రం మీరు మైకు నొక్కి మాట్లాడినప్పుడల్లా పక్కింట్లో కేబుల్ టీవీ బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతోంది. ఎదురింట్లో డీటీహెచ్ ఉంది, వాళ్ల హోమ్ థియేటర్‌లో గరగర వస్తోంది. పక్కింటి అవ్వ ఎస్వీబీసీలో సహస్ర దీపాలంకరణ సేవ చూసేదీ సరిగ్గా ఆ వేళకే కాబట్టి మాట పెరిగింది. పై ఫ్రీక్వెన్సీలని ఆపే లో పాస్ ఫిల్టర్ కొనమని ఒకరు, ఎర్త్ సరిగా లేదని ఇంకొకరు చెప్పారు. కేబుల్ ఆయనేమో గాదంకి రాడార్ వల్ల అన్నాడు. ఏది నమ్మాలి అని అడిగారు.

మూడింట్లో ఏదీ అసలు కారణం కాదని నా అంచనా. ఎందుకో చెప్తాను. అంతకన్నా ముందు ఒక పని చేయండి. కారణం తేలేదాకా ఆ సేవ వచ్చే సమయంలో ప్రసారం చేయకండి. ఈ మాట అవ్వకి మీరే వెళ్లి చెప్పండి. లైసెన్సు ఉంది కదా, నా హక్కు కదా అని వాదనకి దిగితే ఆ ఇంట్లోకి అడుగుపెట్టే అవకాశం పోతుంది. ఆ ఇంట్లోకి వెళ్లకుండా ఈ సమస్యని ఎవరూ పరిష్కరించలేరు, ఎందుకంటే మందు వేయాల్సింది అక్కడే.

గాదంకి సంగతి త్వరగా తేల్చేద్దాం. పాకాల దగ్గర వాతావరణాన్ని పరిశీలించే ఆ ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే మాట నిజమే, దాని శక్తి పెద్దదన్నదీ నిజమే. కానీ అది తన పుంజాన్ని ఆకాశంలోకి పంపుతుంది. పైగా మీరు బటన్ నొక్కినప్పుడు బొమ్మ ఆగి, వదిలినప్పుడు తిరిగి వస్తోందని మీరే రాశారు. మీ చేతి కదలికతో కలిసి వచ్చిపోయే గొడవకి కారణం మీ స్టేషనే.

లో పాస్ ఫిల్టర్ సలహా పాతకాలంలో సరైనది. అప్పట్లో దూరదర్శన్ బ్యాండ్ 1 చానెళ్లు 47 నుంచి 68 మెగాహెర్ట్జ్ మధ్య ఉండేవి. 14 మెగాహెర్ట్జ్‌కి నాలుగో హార్మోనిక్, అంటే నాలుగు రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే అదనపు సంకేతం, 56, 21కి మూడోది 63, 28కి రెండోది మళ్లీ 56. అన్నీ సూటిగా టీవీ చానెల్లో పడేవి. మిద్దె మీద యాంటెన్నాతో దూరపు స్టేషన్ పట్టుకునే ఇళ్లలో తెర మీద ఏటవాలు గీతలు వచ్చేవి, రంగులు పోయేవి. దూరదర్శన్ అనలాగ్ భూతల ప్రసారాలు దేశంలో దాదాపు అన్నిచోట్లా ఆగిపోయాయి. మీ రిగ్, అంటే రేడియో సెట్, ఈ కాలంది, లోపలే ప్రతి బ్యాండ్‌కీ ఫిల్టర్ ఉంటుంది. హార్మోనిక్ అసలు సంకేతం కన్నా 50 డెసిబెల్స్, అంటే లక్షో వంతుకి, తగ్గితే, 50 వాట్ల రిగ్ నుంచి బయటికొచ్చేది అర మిల్లీవాట్ మాత్రమే. శక్తిని పెంచడానికి మీరే చేసుకున్న లీనియర్ ఆంప్లిఫయర్ వాడుతుంటే మాత్రం ఫిల్టర్ తప్పనిసరి. కొన్న రిగ్‌తో, 50 వాట్లతో, ఆ డబ్బు ఫెర్రైట్ రింగుల మీద, అంటే వైరు చుడితే దాని మీద వచ్చే రేడియో సంకేతాన్ని అడ్డుకునే రింగుల మీద, పెట్టండి.

ఇక అసలు విషయం. మీరు పంపే 7 మెగాహెర్ట్జ్ సంకేతంలో ఏ లోపమూ లేకపోయినా, అది శుద్ధంగా ఉన్నా, పక్కింటి పరికరాన్ని ఇబ్బంది పెట్టగలదు. ఆ పరికరం దాన్ని లోపలికి రానివ్వకుండా ఉండాలి, ఉండలేకపోతోంది. లోపలికి తీసుకెళ్లే దారి దానికి తగిలించిన వైర్లు. టీవీ పెట్టె పట్టుమని మీటరు వెడల్పు లేదు, 42 మీటర్ల తరంగాన్ని అది సొంతంగా పట్టుకోలేదు. కానీ కరెంటు స్తంభం నుంచి మిద్దె మీదుగా పాకి, కిటికీలోంచి దిగే కేబుల్ వైరు పది, ఇరవై మీటర్లు ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్‌కి మీరు కట్టిన యాంటెన్నా మొత్తం పొడవు కూడా దాదాపు 20 మీటర్లే. అంటే మీ యాంటెన్నా పక్కనే, దానికి సమాంతరంగా, అదే కొలతతో రెండో యాంటెన్నా తెలియకుండా కట్టి ఉంది. దాని చివర సెట్‌టాప్ బాక్స్ ఉంది.

అంకెల్లో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. హాఫ్ వేవ్ డైపోల్‌కి, అంటే మీది లాంటి రెండు చేతుల, సగం తరంగం పొడవున్న యాంటెన్నాకి, ఎదురుగా విద్యుత్ క్షేత్రాన్ని లెక్కగట్టడానికి ఒక సులువు సూత్రం ఉంది: వాట్ల వర్గమూలాన్ని 7తో గుణించి, మీటర్లలో దూరంతో భాగించాలి. 50 వాట్లకి వర్గమూలం 7 చిల్లర. కాబట్టి పది మీటర్ల దూరంలో మీటరుకి దాదాపు 5 వోల్టులు. గోడలు, నేల, పక్కనున్న తీగలు దీన్ని అటూ ఇటూ మారుస్తాయి గానీ అంచనాకి ఇది చాలు. ఇళ్లలో వాడే ఎలక్ట్రానిక్ పరికరాల తట్టుకునే శక్తిని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణాల్లో మామూలుగా కనిపించే స్థాయి 3 వోల్టులు. మీరు దాన్ని దాటారు. ఇక్కడ మీ తప్పు లేదు, టీవీ తయారుచేసినవాళ్లనీ తప్పుపట్టలేం. మన ఊళ్లలో మిద్దెలు అంత దగ్గర దగ్గరగా ఉన్నాయి, అంతే.

ఈ లెక్కలోనే రెండు మందులు దాగి ఉన్నాయి. శక్తిని నాలుగో వంతుకి తగ్గిస్తే క్షేత్రం సగమవుతుంది. దూరాన్ని రెట్టింపు చేసినా అంతే తగ్గుతుంది. 12 వాట్లతో మాట్లాడినప్పుడు అవ్వ టీవీ ఆగకపోతే, మీరు గట్టు దగ్గరికి వచ్చేసినట్టే. యాంటెన్నాని కొంచెం జరిపి, రెండు రింగులు వేస్తే 50 వాట్లకి తిరిగి రావచ్చు. 5 వాట్లకి కూడా ఆగిపోతుంటే ఎక్కడో కనెక్షనే తెగి ఉందని అర్థం. కాబట్టి మొదటి పరీక్షగా శక్తిని దశలవారీగా తగ్గిస్తూ, గొడవ ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. లాగ్‌బుక్ ఎలాగూ రాయాల్సిందే కాబట్టి అందులోనే తేదీ, సమయం, ఫ్రీక్వెన్సీ, వాట్లు, పక్కింట్లో ఏం కనబడిందో అన్నీ నింపండి. అవ్వ ఇంట్లో ఎవరినైనా టీవీ ఆగిన సమయాలు విడిగా ఒక కాగితం మీద రాయమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మీరు మాట్లాడని వేళల్లో కూడా టీవీ ఆగిన సందర్భాలు బయటపడొచ్చు. కార్తీక మాసం వానల్లో డీటీహెచ్ సిగ్నల్ పోవడం, కరెంటు హెచ్చుతగ్గులు, కేబుల్ ఆపరేటర్ వైపు లోపాలు అన్నీ ఒక్కసారి గొడవ మొదలయ్యాక మీ ఖాతాలోకే వస్తాయి. వాటిని విడగొట్టగలిగేది ఆ కాగితం ఒక్కటే.

ఇప్పుడు మీ ఇంటి నుంచి మొదలుపెట్టండి. మీ టీవీ బాగా నడుస్తోందా? మీ ఇంట్లో కూడా అదే ఆపరేటర్ కేబుల్ ఉంటే, మీరు మాట్లాడేటప్పుడు మీ టీవీ ఏ ఇబ్బందీ లేకుండా ఆడాలి. ముందు దాన్ని సరిచేసుకోండి. పక్కింటివాళ్లని పిలిచి, 50 వాట్లతో మాట్లాడుతూ మీ టీవీ చూపించగలిగితే సగం కోపం చల్లారుతుంది. మీ రేడియో చెడ్డది కాదని వాళ్లు కళ్లారా చూస్తారు.

తర్వాత డమ్మీ లోడ్, అంటే యాంటెన్నా బదులు పెట్టే, శక్తిని వేడిగా మింగేసే పరికరం. యాంటెన్నా విప్పి, రిగ్‌కి 50 ఓముల డమ్మీ లోడ్ తగిలించి అదే శక్తితో ప్రసారం చేయండి. అవ్వ టీవీ అప్పుడు కూడా ఆగితే మీ రిగ్ పెట్టెలోంచో, పవర్ సప్లై ద్వారా ఇంటి కరెంటు లైన్‌లోకో సంకేతం కారుతోంది. ఆగకపోతే, బహుశా ఇదే జరుగుతుంది, యాంటెన్నా నుంచి గాలిలో వెళ్లేదే కారణం. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరు ఏ సలహా ఇచ్చినా అది ఊహే.

ఆ తర్వాత అవ్వ ఇంట్లో పరీక్ష. ఇద్దరు కావాలి, ఫోన్‌లో ఒకరు మీ దగ్గర, ఒకరు అక్కడ. టీవీకి ఒక పెన్‌డ్రైవ్ పెట్టి అందులోంచి వీడియో ఆడించండి. ముందు ఏదీ పీకకుండా మాట్లాడండి. పెన్‌డ్రైవ్ వీడియో బాగా ఆడుతుంటే టీవీలో ఏ లోపమూ లేదు, సెట్‌టాప్ బాక్స్ వైపు చూడాలి. వీడియో కూడా ఆగితే టీవీ కరెంటు వైరునో, హెచ్‌డీఎంఐ వైరునో అనుమానించాలి. అప్పుడు హెచ్‌డీఎంఐ పీకి మళ్లీ చూడండి. బాక్స్ వైపే అని తేలితే, బాక్స్‌కి వచ్చే కేబుల్ విప్పి, అది వెలుగుతూ ఉందా, మెనూ కదులుతోందా, మీరు మాట్లాడితే అది రీస్టార్ట్ అవుతోందా గమనించండి. కేబుల్ లేకపోయినా బాక్స్ తికమకపడితే దాని అడాప్టర్ వైరే దారి. కేబుల్ పెట్టినప్పుడు మాత్రమే ఇబ్బంది ఉంటే ఆ కేబులే దారి.

కానీ ఇందులో ఒక చిక్కుంది, చాలామంది ఇక్కడే విసిగిపోయి వదిలేస్తారు. దారులు రెండో మూడో ఉన్నప్పుడు ఒక్కదాన్ని మూసినా తేడా కనబడదు. కేబుల్‌కి రింగు వేశారు, బొమ్మ ఇంకా ఆగింది, కాబట్టి రింగు పనికిరాదని తీసేస్తారు. అడాప్టర్‌కి వేశారు, అదీ ఫలించలేదని తీసేస్తారు. నిజానికి రెండూ ఒకేసారి ఉంటే ఆగేది కాదు. అందుకే ఒక్కోటి చేర్చుకుంటూ పోకండి. కేబుల్, అడాప్టర్, హెచ్‌డీఎంఐ, టీవీ కరెంటు వైరు, స్పీకర్ వైర్లు అన్నిటికీ ఒకేసారి ఫెర్రైట్ వేసేయండి. గొడవ పూర్తిగా ఆగాక ఒక్కోటి తీస్తూ రండి. తీసినప్పుడు ఏది మళ్లీ ఇబ్బంది పెడితే అది ఉండాల్సిందే.

ఫెర్రైట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ డబ్బు వృథా అవుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే, వైరు మీద బిగించే చిన్న క్లిప్ పూసలు ఒక్కసారి తొడిగితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు ఏమీ చేయవు. చుట్ల సంఖ్య పెరిగేకొద్దీ అడ్డు దాని వర్గంగా పెరుగుతుంది: రెండు చుట్లకి నాలుగింతలు, పది చుట్లకి వంద రెట్లు. అందుకే పెద్ద రింగు కావాలి, వైరుని దాని మీద ఎనిమిది, పది చుట్లు చుట్టాలి. 2.4 అంగుళాల 31 రకం రింగు, అంటే ఎఫ్‌టీ240-31, మన తక్కువ బ్యాండ్లకి చాలా మంచిది. పది చుట్లతో 7 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని వేల ఓముల అడ్డు వస్తుంది. 43 రకం రింగు 14 మెగాహెర్ట్జ్ నుంచి పైకి బాగుంటుంది, 7కీ పనికొస్తుంది. ఇనుప పొడితో చేసిన రంగు రంగుల రింగులు, ఎరుపువీ పసుపువీ, ఈ పనికి తీసుకోకండి. అవి ట్యూన్డ్ సర్క్యూట్ల కోసం. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో ట్యూబ్ మెడ చుట్టూ ఉండే యోక్ లోపలి ఫెర్రైట్ దొరికితే అది కూడా తక్కువ బ్యాండ్లలో పనిచేస్తుంది, రిపేర్ షాపుల్లో అడిగితే ఇస్తారు. మీరే పాత టీవీ విప్పకండి, ట్యూబ్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది.

రింగు ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. వైరు పరికరంలోకి వెళ్లే చోటికి వీలైనంత దగ్గరగా, అర అడుగు లోపు. గుమ్మం దగ్గర చుట్టి, అక్కడి నుంచి మూడు మీటర్ల వైరు వదిలేస్తే ఆ మూడు మీటర్లు మళ్లీ యాంటెన్నాగా పనిచేస్తాయి. టీవీకి వచ్చే ఆర్జీ-6 కేబుల్ మందంగా, బిరుసుగా ఉంటుంది, గట్టిగా వంచితే లోపల పాడవుతుంది. దాన్ని చుట్టే బదులు, రెండు వైపులా కనెక్టర్లు ఉన్న సన్నని 75 ఓముల కోయాక్స్ (మధ్య తీగ చుట్టూ లోహపు పైపొర ఉన్న కేబుల్) ముక్కని రింగుకి చుట్టి మధ్యలో కలపండి.

కేబుల్ వైపు ఇంకో ముఖ్యమైన విషయం: కనెక్షన్లు. మన కాలనీల్లో కేబుల్ స్తంభం నుంచి స్తంభానికి, మిద్దె నుంచి మిద్దెకి వేలాడుతూ వస్తుంది. మధ్యలో ఒలిచి మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు, తుప్పుపట్టిన స్ప్లిటర్లు, మూత లేని పెట్టెలు. కపిలతీర్థం, అలిపిరి వైపు ఉన్నవాళ్లకి కోతులు పట్టుకుని ఊగి కనెక్టర్లు వదులు చేయడం కొత్త కాదు. పైపొర సరిగ్గా అతుక్కోని ప్రతి చోటా దాని మీద ప్రవహించే మీ సంకేతం లోపలి తీగలోకి దూరుతుంది. కాబట్టి ఆపరేటర్‌ని పిలిపించి, అవ్వ ఇంటి లైన్‌లో మధ్య జాయింట్లు తీసేసి ఒకే ముక్క వేయించి, రెండు చివర్లా కంప్రెషన్ రకం ఎఫ్ కనెక్టర్లు పెట్టించండి. ఖర్చు మీరు భరిస్తానని చెప్పినా తప్పులేదు. మీరు సొంతంగా స్తంభం మీది పెట్టె ముట్టుకోకండి. అది ఆపరేటర్‌ది, పక్కనే కరెంటు తీగలు ఉంటాయి.

జాయింట్లు కారుతున్నాయో లేదో కనిపెట్టడానికి మీ చేతిలో ఉన్న 2 మీటర్ల బ్యాండ్ హ్యాండీ, అంటే చేతి సెట్, చక్కటి సాధనం. డిజిటల్ కేబుల్‌లో 8 మెగాహెర్ట్జ్ వెడల్పు గల ఒక్కో క్యారియర్ మీద చాలా చానెళ్లు కలిసి వస్తాయి. మీ 145 మెగాహెర్ట్జ్ కూడా కేబుల్ వాడే పరిధిలోనే ఉంది. హ్యాండీతో మాట్లాడినప్పుడు కొన్ని చానెళ్లు మాత్రమే గుంపుగా పోయి, మిగతావి బాగుంటే ఆ క్యారియర్ మీదకి మీ సంకేతం సూటిగా దూరుతోంది. అంటే కేబుల్ కవచం ఎక్కడో తెగింది. 7 మెగాహెర్ట్జ్ మీద అన్ని చానెళ్లూ ఒకేసారి పోతుంటే అది వేరే జబ్బు, పైన చెప్పిన పైపొర ప్రవాహం. ఈ తేడా ఆపరేటర్‌కి చూపిస్తే ఆయన కూడా గాదంకి మాట మళ్లీ ఎత్తడు.

కేబుల్‌కి హై పాస్ ఫిల్టర్ పెట్టొచ్చా? పెట్టొచ్చు. 40 మెగాహెర్ట్జ్ కింద ఉన్నదంతా ఆపేది చాలు. కానీ అదే కేబుల్ మీద ఇంటర్నెట్ మోడెమ్ కూడా నడుస్తుంటే పెట్టకూడదు. మోడెమ్ తిరుగు సంకేతాన్ని ఆ కింది పరిధిలోనే పంపుతుంది. ఎదురింటి డీటీహెచ్ వైరుకి అసలే పెట్టకండి. ఆ వైరులోనే బాక్స్ నుంచి డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు, 22 కిలోహెర్ట్జ్ సంకేతం పైకి వెళ్లాలి. మామూలు హై పాస్ ఫిల్టర్ వాటిని ఆపేస్తుంది, టీవీ పూర్తిగా పోతుంది, నింద మీ మీద పడుతుంది. అక్కడ ఫెర్రైట్ ఒక్కటే మార్గం.

కానీ మీరు రాసిన లక్షణం చూస్తే ఎదురింట్లో డీటీహెచ్‌కి ఏమీ కాలేదు. బొమ్మ బాగుంది, హోమ్ థియేటర్ స్పీకర్లలో మాత్రమే గరగర. మాట అర్థం కాని, బాతు అరుపు లాంటి శబ్దం మీ గొంతుతో కలిసి ఎక్కి దిగుతుంటే అది ఎస్‌ఎస్‌బీయే. స్పీకర్ వైర్లు గోడ చుట్టూ పరిచి ఉంటాయి. అవి పట్టుకున్న రేడియో సంకేతాన్ని ఆంప్లిఫయర్‌లోని ట్రాన్సిస్టర్ డయోడ్ లాగా డిటెక్ట్ చేస్తుంది. వాల్యూమ్ తగ్గించినా గరగర తగ్గకపోతే అది వాల్యూమ్ కంట్రోల్ తర్వాతి భాగంలోకి, అంటే స్పీకర్ వైర్ల ద్వారా వస్తోంది. తగ్గితే ముందు భాగంలోకి, టీవీ నుంచి వచ్చే ఆడియో వైరు ద్వారా. ఏ వైరుకి రింగు వేయాలో ఆ నాబ్ తిప్పి చూస్తే తెలిసిపోతుంది. స్పీకర్ వైరు పొడవు ఎక్కువైతే మిగిలినదాన్ని మడిచి వదలకండి, కత్తిరించి పొట్టి చేయించండి.

మీ వీధిలో ఏపీ ఫైబర్‌నెట్ బాక్సు ఉన్న ఇల్లు ఏదైనా ఉంటే అక్కడ కూడా అడిగి చూడండి. ఫైబర్ గాజు, దాని మీదకి మీ సంకేతం ఎక్కదు. ఆ ఇంట్లో కూడా ఇబ్బంది ఉంటే అడాప్టర్, ఈథర్నెట్, హెచ్‌డీఎంఐ వైర్లే దారి అని సందేహం లేకుండా చెప్పొచ్చు.

ఎర్త్ గురించి అన్నదాంట్లో కొంత నిజం ఉంది, కానీ చెప్పినవాళ్లు అనుకున్న విధంగా కాదు. కరెంటు షాక్ కోసం, పిడుగు కోసం ఎర్త్ తప్పనిసరి, అందులో రాజీ లేదు. అయితే మూడో అంతస్తు నుంచి ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంత దాకా దిగే తీగ పది మీటర్ల పైమాటే. 7 మెగాహెర్ట్జ్‌కి అది పావు తరంగం. పావు తరంగం తీగకి కింది చివర భూమిలో ఉంటే పై చివర రేడియో సంకేతానికి తెగినట్టే కనబడుతుంది. గుంతలో ఇంకో బస్తా ఉప్పు పోసినా ఈ లెక్క మారదు. పైగా ఆ తీగ కూడా గోడ వెంట ప్రసారం చేస్తూ కేబుల్ వైర్ల పక్కనే దిగుతుంది. డైపోల్‌కి రేడియో ఎర్త్ అవసరం లేదు, దాని రెండు చేతులు సమంగా ఉంటే చాలు.

ఆ సమానత్వమే మీ స్టేషన్‌లో సరిచేయాల్సిన మొదటి విషయం. యాంటెన్నాకి కేబుల్ కలిసే ఫీడ్ పాయింట్ దగ్గర బాలన్, అంటే రెండు చేతుల ప్రవాహాన్ని సమం చేసే భాగం, ఉందని మీరు ఎక్కడా రాయలేదు. కోయాక్స్‌ని నేరుగా డైపోల్‌కి కలిపితే దాని పైపొర మీద కూడా ప్రవాహం నడుస్తుంది, మీ గది దాకా వచ్చే వైరంతా యాంటెన్నాలో భాగమైపోతుంది. పక్కింటి గోడకి దగ్గరగా వేలాడే భాగం అదే. మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటోందా? యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ముల్లు వైరు ముట్టుకుంటే కదులుతోందా? అయితే ఇదే. ఫీడ్ పాయింట్ దగ్గర 1:1 కరెంట్ బాలన్ పెట్టండి. అదే ఎఫ్‌టీ240-31 రింగు మీద సన్నని కోయాక్స్ పది చుట్లు చుడితే అదే బాలన్. గదిలోకి వచ్చే చోట ఇంకోటి పెడితే మరీ మంచిది.

ఆఖరికి యాంటెన్నా ఉన్న చోటు. ఇన్వర్టెడ్ వీ చివర్లని పిట్టగోడకి కట్టారని ఫొటోలో కనబడుతోంది, ఒక చివర కేబుల్ వైర్ల మీదుగానే పోతోంది. చివర్ల దగ్గర వోల్టేజీ ఎక్కువ, అక్కడ ఏ వైరు ఉన్నా గట్టిగా కలుస్తుంది. మధ్య స్తంభాన్ని ఇంకో రెండు మీటర్లు లేపి, తీగ దిశని కేబుల్‌కి అడ్డంగా, తొంభై డిగ్రీలకి తిప్పండి. మీ మిద్దె కొలతలకి అది కుదురుతుందనే అనుకుంటున్నాను. రింగులేవీ లేకుండానే దీనితో సగం తగ్గొచ్చు, అందుకే బాలన్, దిశ మార్పు రెండూ అయ్యాకే పక్కింట్లో పరీక్షలకి వెళ్లండి.

అవ్వ టీవీ గానీ బాక్స్ గానీ మూత విప్పకండి, ఎవరైనా విప్పమన్నా సరే. బయటి వైర్లకి చేసే పని మాత్రమే మీది. ఒకసారి విప్పిన టీవీకి ఆరు నెలల తర్వాత ఏమైనా అది మీ మీదికే వస్తుంది.

డమ్మీ లోడ్ పరీక్షలో ఏమైంది, బాక్స్‌కి కేబుల్ పీకినప్పుడు ఏమైంది, ఎన్ని వాట్ల దగ్గర ఆగింది, ఈ మూడూ రాయండి. ఆ మూడు తెలిస్తే రింగులు ఎన్ని కావాలో, ఎక్కడెక్కడ వేయాలో కచ్చితంగా చెప్తాను. నా దగ్గర రెండు 31 రకం రింగులు ఖాళీగా ఉన్నాయి, ఆదివారం రేణిగుంట వైపు వస్తే తీసుకెళ్లి పరీక్షకి వాడుకోండి.

73 (హామ్ భాషలో శుభాకాంక్షలు)